మన పత్రికలో ఎవరి మాట ఎవరు చెప్పాలి?



పోయిన నెల మూడవ ఆదివారము ఆరాధన ముగిసి భోజనాలు అయిన తరువాత మేము ఏడుగురము హాలు వెనుక గదిలో కూర్చున్నాము. బల్ల మీద పత్రికకు వచ్చిన కాగితాల ఫైలు ఉంది. తెరిచి చూస్తే రెండు పెండ్లి ప్రకటనలు, ఆనేకల్లు వైపు సైట్లు అమ్ముతామని ఒక ప్రకటన, పదవ తరగతి పాసయిన పిల్లవాని ఫోటో, స్వస్థత కూడికల కరపత్రము, తొమ్మిది ప్రార్థన మనవులు, ఈ సంవత్సరము బాప్తిస్మము పొందినవారి పట్టిక, ఎవరో తమ తల్లిని గూర్చి వ్రాసిన గేయము, సంతకము లేని ఉత్తరము ఒకటి. మనది ఎనిమిది పేజీల పత్రిక. ఇవన్నీ పట్టవు. అయినా ఆ రోజు మేము కూర్చున్నది చోటు చాలకపోవడము గురించి కాదు. ఏది వేయాలి, ఏది వేయకూడదు అన్నది అందరికీ ముందుగానే తెలిసేలా నాలుగు మాటలు వ్రాసి పెట్టుకుందామని కూర్చున్నాము. మూడు గంటలు మాట్లాడాము. కొన్ని కుదిరాయి, కొన్ని కుదరలేదు. రెండింటినీ మీ ముందు పెడుతున్నాము.

ముందుగా మన చోటు సంగతి. అత్తిబెలె బెంగుళూరు జిల్లా అంచున ఉన్న ఊరు. హోసూరు రోడ్డు మీద ఇంకొంచెము ముందుకు పోతే తమిళనాడు. ఇక్కడ దుకాణము బోర్డు కన్నడము, ఎదురుగా వచ్చే బస్సు బోర్డు తమిళము, మధ్యలో టీ కొట్టు దగ్గర చెవిన పడేది చాలాసార్లు తెలుగు. హోసూరు, బాగలూరు, బేరికె వైపు తెలుగువారు తరతరాలుగా ఆ మట్టిలోనే ఉన్నవారు. వారు వలసవారు కారు. మనము వలసవారము. కనిగిరి, పొదిలి, మార్కాపురము వైపు నుంచి, నెల్లూరు నుంచి, పాలమూరు నుంచి పారిశ్రామికవాడ కంపెనీలకు, గార్మెంట్సుకు, కట్టుబడి పనికి, ఎలక్ట్రానిక్ సిటీ ఆఫీసులకు వచ్చినవారము. గార్మెంట్సులో కుట్టే చెల్లెలు, కంప్యూటరు ముందు కూర్చునే తమ్ముడు ఒకే బెంచీ మీద కూర్చునే చోటు మనకు ఈ హాలు ఒక్కటే. ఇద్దరి పేర్లూ పక్కపక్కన అచ్చయ్యే చోటు ఈ పత్రిక ఒక్కటే.

ఈ పత్రిక ఇక్కడే ఆగిపోదు. క్రిస్మసుకు, సంక్రాంతికి ఊరెళ్లేవారి సంచుల్లో చేరి ఊరికి పోతుంది. అక్కడ తల్లిదండ్రులు చదువుతారు, చదువురానివారు చదివించుకుంటారు. మా పిల్లవాని పేరు బెంగుళూరు పత్రికలో పడిందని పక్కింటివారికి చూపిస్తారు. చివరి పేజీ అడుగున 'ప్రైవేటు పంపిణీకి మాత్రమే' అని ఏళ్ల తరబడి వేస్తూనే ఉన్నాము. ఆ మాట ఆ సంచులకు తెలియదు.

ఈ చర్చ ఎందుకు వచ్చిందో దాచకుండా చెప్పాలి. రెండేళ్ల క్రితము ప్రార్థన మనవుల శీర్షికలో ఒక సహోదరి పేరు, ఆమె ఊరు, ఆమె జబ్బు అచ్చువేశాము. మాకు చెప్పింది ఆమె పొరుగింటి అక్క. ప్రేమతోనే చెప్పింది, కంట నీరు పెట్టుకొని చెప్పింది. మేమూ ప్రేమతోనే వేశాము. వేసే ముందు ఆ సహోదరిని ఎవరమూ అడగలేదు. అడగాలన్న ఆలోచనే రాలేదు. మంచి పనికి అనుమతి ఏమిటి అనుకున్నాము కాబోలు. మూడు వారాలకు పత్రిక ఆమె ఊరు చేరింది. అప్పటికి ఆమె చెల్లెలికి ఒక సంబంధము మాట్లాడుతున్నారు. అవతలి ఇంటివారి చేతికి ఆ పేజీ వెళ్లింది. మాటలు ఆగిపోయాయి. ఆ సహోదరి మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఆదివారము రావడము మానేసింది. షిఫ్టు మారిందేమో అనుకున్నాము. సంగతి తెలిసేసరికి నాలుగు నెలలు గడిచాయి. ఆ నాలుగు నెలలూ బుధవారపు కూడికలో ఆమె కొరకు ప్రార్థన చేస్తూనే ఉన్నాము, పేరు పెట్టి, జబ్బు పేరు కూడా పెట్టి.

ఇక ఆ ఆదివారము మాటకు వస్తాము. నియమాలు వ్రాద్దామని మాలో ఒక తమ్ముడు కాగితము తీయగానే, అందరికంటె పెద్దవారు అడ్డు చెప్పారు. "మనము బాప్టిస్టులము బాబూ. మన నోటికి తాళము వేసే హక్కు బిషప్పుకు లేదు, రాజుకు లేదు. ఇప్పుడు మన కమిటీకి ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నారు. ఆ తమ్ముడు "తాళము కాదు పెద్దయ్యగారూ, గడప" అన్నాడు. పెద్దాయన నవ్వారు గాని ఒప్పుకోలేదు.

ఆయన మాటను మేము తేలికగా తీసుకోలేము. మొట్టమొదటి బాప్టిస్టు సంఘము వలసవారిది. ఇంగ్లండులో రాజు చెప్పిన పద్ధతిలో తప్ప ఆరాధన చేయకూడదన్న రోజుల్లో జాన్ స్మిత్, థామస్ హెల్విస్ మొదలైనవారు దేశము విడిచి ఆంస్టర్డాము వెళ్లారు. పరాయి దేశములో, పరాయి భాష మధ్య, ఒక రొట్టెల బట్టీ ఆవరణలో తల దాచుకున్నారు. 1609లో అక్కడే ఆ సంఘము మొదలయింది. రేకుల షెడ్డులో ఆరాధన మొదలుపెట్టిన మనకు ఆ బట్టీని ఊహించుకోవడము కష్టము కాదు. తరువాత హెల్విస్ తిరిగి ఇంగ్లండు వెళ్లి, మనిషి ఆత్మ మీద రాజుకు అధికారము లేదని 1612లో పుస్తకము అచ్చువేశాడు. అందుకు ఖైదులో పడ్డాడు, 1616 నాటికి చనిపోయాడు. ప్రభుత్వపు అనుమతి లేనిదే అచ్చు పడకూడదన్న కాలము అది. మన దేశములోనూ అలాంటి రోజులు వచ్చాయి. 1878లో లిట్టను ప్రభువు దేశభాషా పత్రికల మీద ప్రత్యేక చట్టము తెచ్చాడు. ఇంగ్లీషు పత్రికలకు లేని కట్టడి దేశభాషల పత్రికలకు పెట్టాడు. 1882 నాటికి ఆ చట్టము రద్దయింది. తమ మాట చెప్పుకునేందుకు ఖైదుకు పోయినవారి వరుసలో మనము నిలబడి, ఇది వేయము, అది వేయము అని ఎలా అంటాము? ఇదీ పెద్దాయన బాధ.

అయితే ఆ ఆంస్టర్డాము కథలో రెండవ సగము ఒకటి ఉంది. ఆ రోజు మాకు వెంటనే తోచలేదు, టీ తాగి వచ్చిన తరువాత తోచింది. ఆ కొద్దిమంది మిగతా క్రైస్తవుల నుంచి వేరుపడింది ఏ విషయము మీద? పసిబిడ్డల బాప్తిస్మము మీద. బిడ్డ తరఫున తల్లిదండ్రులు గాని, పూచీపడిన పెద్దలు గాని విశ్వాసము ఒప్పుకోవడము చెల్లదన్నారు. ఎంత ప్రేమ ఉన్నా, ఎంత దగ్గరివారైనా, ఒకరి ఒప్పుకోలు మరొకరి నోటితో రాదన్నారు. అంటే ఒక నోటిని మరొకరు మూయకూడదన్నవారే, ఒకరి నోటితో మరొకరు మాట్లాడకూడదు అని కూడా అన్నారు. మొదటి మాట మనము గట్టిగా పట్టుకున్నాము. రెండవదాన్ని బాప్తిస్మపు తొట్టి దగ్గర మాత్రమే గుర్తుంచుకున్నాము. పత్రిక దగ్గర మరచిపోయాము.

ఆ సహోదరి విషయములో జరిగింది ఇదే. ఆమె నోరు మేము మూయలేదు. ఆమెకు బదులు మేము మాట్లాడాము.

ఈ తేడా కనిపించిన తరువాత చాలా చిక్కులు వాటంతట అవే విడిపోయాయి. ఒక మనిషి తన సంగతి తాను వ్రాసుకుంటే, అది మాకు నచ్చినా నచ్చకపోయినా, వీలైనంతవరకు వేయాలి. మరొకరి సంగతి వ్రాస్తే ఆ మరొకరు అవునని చెప్పేదాకా ఆగాలి. ప్రార్థన మనవులు ఇకమీదట జబ్బుపడినవారు గాని, వారు చెప్పి పంపినవారు గాని ఇస్తేనే తీసుకుంటాము. జబ్బు పేరు వేయము. 'అస్వస్థతగా ఉన్న ఒక సహోదరి కొరకు' అంటే ప్రార్థన తగ్గిపోదు, దేవునికి చిరునామా అక్కరలేదు. లోకపు చట్టము కూడా కొంతవరకు ఈ దారికి వచ్చింది. హెచ్‌ఐవి, ఎయిడ్స్ విషయములో 2017లో చేసిన చట్టము, చట్టమే చెప్పిన కొన్ని సందర్భాలలో తప్ప, రోగి సమ్మతి లేకుండా ఆ సంగతి బయటపెట్టకూడదంటుంది. ఒక జబ్బుకు పార్లమెంటు చూపిన మర్యాదను అన్ని జబ్బులకూ సంఘము చూపలేదా?

నియమము అన్న మాట మీద కూడా కొంత తర్జనభర్జన జరిగింది. రూల్సు అంటే కంపెనీ గేటు గుర్తుకొస్తుందని ఒక అక్క అన్నది. ఆమె పదేళ్లుగా గేటులో సంచి తనిఖీ చేయించుకుంటూ లోపలికి పోయే మనిషి. అప్పుడు మాలో ఒకరు నిబంధన అన్న మాట ఎత్తారు. చిత్రమేమిటంటే తెలుగులో ఈ ఒక్క మాటే రెండు పనులు చేస్తుంది. బ్యాంకు కాగితము మీద చిన్న అక్షరాలలో ఉండేవి నిబంధనలు. మన చేతిలోని గ్రంథపు రెండు భాగాలూ నిబంధనలు. మొదటిదానిలో వ్రాసినవాడు ఒకడు, కట్టుబడేవాడు మరొకడు. రెండవదానిలో ఇద్దరూ కట్టుబడతారు. కొత్త సంఘము కట్టుకునేటప్పుడు సభ్యులు సంఘ నిబంధన చదివి ఒప్పుకోవడము బాప్టిస్టుల పాత అలవాటు. ఎవరో ఇచ్చిన ఆజ్ఞ కాదు అది, ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. పత్రికకు కావలసింది ఈ రెండవ రకము. కనుక మేము వ్రాసే ప్రతి వాక్యము ముందుగా మమ్మల్ని కట్టాలి. సంపాదక వర్గములో ఉన్నవారి ఇంటి పుట్టినరోజు ఫోటో ప్రతి సంచికలో వస్తుండటము మీరు గమనించే ఉంటారు. మేమూ గమనించాము, సిగ్గుపడ్డాము.

బాప్తిస్మము పొందినవారి పట్టిక దగ్గర మాట బరువెక్కింది. ఏటా పేర్లు, ఊర్లు, నీళ్లలో నిలబడిన ఫోటోలు వేస్తున్నాము. అది సంఘానికి పండుగ పేజీ. ఈ ఏడు ఒక యువకుడు తన పేరు వేయవద్దని అడిగాడు. ఎందుకో మాకు తెలుసు, మీకూ తెలుసు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను మొదట హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అదే వాడ నుంచి, అదే వివక్ష నుంచి వచ్చి క్రైస్తవుడైనవాడు కాగితము మీద బీసీ-సి అవుతాడు. మతము మారిన మాత్రాన ఊరిబావి మారదు గాని సర్టిఫికెట్టు మారుతుంది. మన పేజీలోని ఒక ఫోటో ఎక్కడో ఒక తహసీలుదారు ఆఫీసులో కాగితముగా మారవచ్చు.

ఇక్కడ మేము రెండుగా చీలాము. ప్రభువును మనుష్యుల ముందు ఒప్పుకోవడానికి వెనకాడేవాడు నీళ్లలోకి ఎందుకు దిగాలి అని కొందరు అడిగారు. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. సర్టిఫికెట్టులో ఒక పేరు, సంఘములో ఒక పేరు వ్రాయించుకొని రెండు పడవల మీద కాళ్లు పెట్టడము సరి అని మేము ఎవరికీ చెప్పము. ఆ భారము మనలో ఎన్ని ఇళ్లలో ఉందో తెలిసి కూడా చెప్పము. అయితే ఒప్పుకోవడము అతని పని. అతడు సంఘము ముందు నిలబడి ఒప్పుకున్నాడు. ఊరి ముందు, ఆఫీసు ముందు ఎప్పుడు, ఎలా ఒప్పుకుంటాడన్నది అతడు తన మనస్సాక్షితో తేల్చుకోవలసిన లెక్క. అతని బదులు మా కెమెరా ఒప్పుకుంటే అది మళ్లీ పసిబిడ్డకు చేసినట్టే.

ఒంగోలు చరిత్ర తెలిసినవారికి ఒక సంగతి గుర్తుచేస్తాము. 1876 నుంచి 1878 వరకు సాగిన గొప్ప కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పని కాంట్రాక్టుకు తీసుకొని ఆకలిగొన్నవారికి కూలి చూపించారు. ఆ రోజుల్లో బాప్తిస్మము కోరి వచ్చినవారు వేలు. ఆయన ఇవ్వలేదు. కరువు పని జరిగినంతకాలము ఆపారు. కూటి కొరకు వచ్చారన్న మాట రాకూడదని, వారి ఒప్పుకోలు వారిదిగానే ఉండాలని ఆగారు. తరువాతే 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ ఒడ్డున ఒకే రోజు 2,222 మంది బాప్తిస్మము పొందారు. మనము ఆ సంఖ్యనే పదేపదే చెప్పుకుంటాము. దానికి ముందున్న నిరీక్షణను తక్కువ చెప్పుకుంటాము. ఒక మనిషి మాట పూర్తిగా అతనిదయ్యేదాకా ఆగడము కూడా సేవే. కనుక పట్టికలో ఎవరి పేరు వేయమంటే వారి పేరే వేస్తాము. మిగిలినవారిని సంఖ్యగా మాత్రము చెబుతాము.

పెండ్లి ప్రకటనల దగ్గరికి వచ్చేసరికి, మేము అంత సంతోషముగా కనుగొన్న సూత్రము సగములోనే చేతులెత్తేసింది. రెండు ప్రకటనలలోనూ కులము ఉంది. ఒకదానిలో 'మాల', ఒకదానిలో 'మాదిగ', రెండింటిలోనూ ఇతరులు వ్రాయనక్కరలేదన్న మాట. అది వారి సంగతి, వారే వ్రాసుకున్నారు. సూత్రము ప్రకారము వేయాలి. ఒక అక్క మాత్రము "పిల్లను అడిగారా? ఆ పిల్ల నోటి మాటేనా అది?" అన్నది. మంచి ప్రశ్న. ఇకమీదట పెండ్లి ప్రకటనకు వధువు గాని వరుడు గాని స్వయంగా సంతకము పెట్టాలని వ్రాసుకున్నాము. అయినా కులము మాట అలాగే మిగిలింది.

ఆలోచించగా తేలింది ఇది. 'ఇతరులు వ్రాయనక్కరలేదు' అన్నది తనను గూర్చిన మాట కాదు. అదే బెంచీ మీద పక్కన కూర్చున్నవారి మీద వేసిన మాట. వారిని అడిగి వేయలేదు. ఒంగోలులో మొదటి రోజుల్లోనే ఈ పరీక్ష వచ్చింది. అగ్రకులాలవారు క్లౌ దొరగారి దగ్గరికి వస్తున్న సమయములోనే మాదిగలు వచ్చారు. వీరిని చేర్చుకుంటే మేము రాము అన్నారు పెద్ద కులాలవారు. దొరగారు, దొరసానిగారు వేర్వేరు గదులలో ప్రార్థించి, లోకము ఎన్నికలేనివారనుకున్నవారిని దేవుడు ఎన్నుకున్నాడన్న పౌలు మాట దగ్గరికే ఇద్దరూ వచ్చారని వారి చరిత్ర చెబుతుంది. మాదిగలను చేర్చుకున్నారు. అలా మొదలైన సంఘము పేజీలో నూటయాభై ఏళ్ల తరువాత మనలో మనమే గీత గీసుకోవడము ఏమిటి? వయసు, చదువు, పని, సంఘము, ఊరు వేస్తాము. కులము వేయము. మాలో ఒకరు చివరి వరకు ఒప్పుకోలేదు. "మీరు వేయకపోతే ఫోనులో అడుగుతారు, అంతేకదా తేడా" అన్నారు. నిజమే. ఫోను వారిది. పేజీ మనందరిది. ఇంతకంటె మంచి జవాబు మా దగ్గర లేదు.

ప్రకటనల డబ్బు సంగతి త్వరగా తేలిపోయింది. సైట్ల ప్రకటన ఇచ్చిన సహోదరుడు మంచివాడు, పత్రిక ఖర్చుకు సాయము కూడా చేస్తున్నాడు. కాని 'సంఘ పత్రికలో వచ్చింది కదన్నా' అని నమ్మి, కాగితాలు సరిగా లేని రెవెన్యూ సైటుకు రెండేళ్ల జీతము పోసినవారిని ఈ చుట్టుపక్కల చూశాము. అచ్చువేస్తే మేము పూచీపడినట్టే జనము అనుకుంటారు. పూచీపడే శక్తి మాకు లేదు. 1903లో దక్షిణాఫ్రికాలోని నేటాలులో చెరకు తోటల్లో, తేయాకు తోటల్లో ఉన్న తెలుగు కూలీల కొరకు నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్యగారు బయలుదేరి వెళ్లి, కేర్స్‌నీలో తెలుగు బాప్టిస్టు సంఘము కట్టిన సంగతి మీలో కొందరు వినే ఉంటారు. అదే సంవత్సరము అదే నేటాలులో వలస భారతీయుల కొరకు 'ఇండియన్ ఒపీనియన్' అనే పత్రిక మొదలయింది. ఇంగ్లీషు, గుజరాతీ, హిందీ, తమిళములలో వచ్చేది. తెలుగు పేజీ లేదు పాపము. దానిని నడిపిన గాంధీగారు 1912లో ప్రకటనలు తీసుకోవడమే మానేశారు. ఆయనంత గట్టివారము మేము కాదు. గది అద్దెకు ఉంది, కుట్టుమిషను అమ్మకానికి ఉంది అంటే వేస్తాము. భూములు, చీటీలు, విదేశీ ఉద్యోగాలు మాత్రము వేయము. గది ప్రకటనలో స్త్రీల ఫోను నంబరు వేయము, మా దగ్గర అడిగి తీసుకోవాలి.

స్వస్థత కూడికల కరపత్రము పక్కన పెట్టాము. తేదీ, చోటు ఒక వరుసలో వేస్తాము. ఫలానావారి జబ్బు ఫలానా రోజున పోతుందన్న హామీ వేయము.

ఇక సంతకము లేని ఉత్తరము. హాలు పైకప్పు నిధికి ఇచ్చిన కానుకల లెక్క రెండేళ్లుగా చెప్పలేదని అందులో ఉంది. ఎవరి పేరూ ఎత్తలేదు గాని ఎవరిని గూర్చో అందరికీ తెలుస్తుంది. ముందు మేమందరమూ ఒకే మాట అన్నాము: సంతకము లేనిది చెత్తబుట్టకే. అది మాకు హాయిగా ఉంది. ఎంత హాయిగా ఉందంటే మాకే అనుమానము వచ్చింది. పేరు చెప్పనివాడు పిరికివాడు అనడము తేలిక. మనలో చాలామందికి ఇక్కడ పని చూపించింది సంఘములోని పెద్దలే. మేస్త్రి, సూపర్వైజరు, గది ఇప్పించినవారు, అడ్వాన్సు ఇచ్చినవారు అందరూ మనవారే. ఆదివారము పెద్ద, సోమవారము మేస్త్రి. అలాంటిచోట కూలికి వచ్చినవాడు సంతకము పెట్టి లెక్క ఎలా అడుగుతాడు? మరోవైపు, పేరు లేని ఉత్తరాలు వేయడము మొదలుపెడితే పాత కక్షలన్నీ మన పేజీ మీదికే వస్తాయి. అచ్చయిన మాటకు బాధ్యుడు ఒకడు ఉండాలని, ముద్రించినవారి పేరు కాగితము మీద కనబడాలని 1867 నాటి చట్టమే చెప్పింది. ఇప్పుడు దాని చోట 2023 చట్టము వచ్చినా, ప్రచురణకర్త ఎవరో తెలియాలన్న నియమము పోలేదు.

మా మధ్య కుదిరింది ఇది. ఉత్తరము వ్రాసినవారు తమ పేరును సంపాదక వర్గములో ఇద్దరికి చెప్పాలి. ఆ ఇద్దరిలో ఒకరు స్త్రీ అయి ఉండాలి, ఇద్దరూ డబ్బు పట్టని, పని ఇప్పించని మనుషులై ఉండాలి. పేరు అచ్చులో రాదు. నింద ఉంటే వేయము, ప్రశ్న ఉంటే వేస్తాము. లెక్క అడగడము ప్రశ్న, నింద కాదు. ఎవరి ఇంటి సంగతినైనా దాచేందుకు మేము వ్రాసుకున్న నియమము, అందరి కానుకల సంగతిని దాచేందుకు అడ్డు పెట్టుకోరాదు. జబ్బు ఆ సహోదరి సొంతము, పైకప్పు నిధి ఎవరి సొంతమూ కాదు. తనను గూర్చిన ప్రశ్న వచ్చినప్పుడు ఆ పెద్ద ఆ చర్చలో కూర్చోకూడదు, జవాబు మాత్రము అదే సంచికలో వ్రాసుకోవచ్చు. ఈ ఒక్క వాక్యము వ్రాయడానికి ముప్పావుగంట పట్టింది. గదిలో గాలి కూడా ఆగినట్టయింది. మొదట అడ్డు చెప్పిన పెద్దాయనే ఈసారి "వ్రాయి బాబూ" అన్నారు. పైకప్పు లెక్క వచ్చే సంచికలో చూస్తారు.

మరణ వార్తల గురించి ఒక మాట. 2023 అక్టోబరు 7న మన అత్తిబెలెలో బాణసంచా దుకాణము కాలిపోయిన రోజు మీలో చాలామందికి కళ్ల ముందే ఉంటుంది. చనిపోయినవారిలో ఎక్కువమంది దీపావళి సీజను పనికి తమిళనాడు నుంచి వచ్చిన కుర్రవారు. మనలాంటి వలసవారే, మనకంటె తక్కువ దూరము నుంచి వచ్చారు. ఆ సాయంత్రము రోడ్డు మీద నిలబడినవారిలో ఎవరికి ఏది తెలిసినా వెంటనే మరొకరికి చెప్పేయాలన్న తొందర ఉంటుంది. అది సహజము. కాని ఎక్కడో ఒక ఊరిలో ఒక తల్లి ఫోను ఎత్తకముందే ఆమె బిడ్డ పేరు ఊరంతా తిరగకూడదు. మన పత్రిక నెలకు ఒకసారి వచ్చేది, తొందర దానికి లేదు. అయినా వ్రాసి పెట్టుకున్నాము: ఇంటివారికి చేరిందని తెలిసిన తరువాతే మరణ వార్త, ఇంటివారు ఇచ్చిన ఫోటోయే ఫోటో, చావుకు కారణము ఇంటివారు చెబితేనే.

ఇంకా తేలనిది ఒకటి మిగిలింది. పత్రికలో పేరు వేయము సరే, ప్రసంగపీఠము మీద నుంచి, బుధవారపు కూడికలో, పేరు పెట్టి జబ్బు చెప్పి ప్రార్థించడము మాటేమిటి? అచ్చుకు ఉన్న నియమము నోటికి లేదా? కొందరు ఉండాలన్నారు. ప్రార్థనలో నోటికి వచ్చే మాటను కాగితము చూసి కొలిస్తే అది ప్రార్థనగా మిగలదని మరికొందరు అన్నారు. పాస్టరుగారు రెండు వైపులా విని, తనకు కొంత సమయము కావాలన్నారు. మీరేమంటారో వ్రాయండి. ఈ విషయములో మాత్రము సంతకముతో వ్రాయండి.

ముసాయిదా హాలు తలుపు పక్కన అతికించాము. రెండు ఆదివారాలు అక్కడే ఉంటుంది. చదువురానివారికి ఆరాధన తరువాత చదివి వినిపిస్తాము. కొట్టివేయాలన్నవి అక్కడే పెన్సిలుతో గుర్తు పెట్టవచ్చు.

ఆ సహోదరి దగ్గరికి మాలో ఇద్దరు అక్కలు వెళ్లి వచ్చారు. క్షమించమని అడిగారు. ఆమె టీ పెట్టి ఇచ్చింది, పిల్లల చదువుల గురించి మాట్లాడింది. లేచి వచ్చేటప్పుడు, పాత సంచికలు ఊళ్లో ఇంకా ఎవరెవరి ఇళ్లలో ఉన్నాయో మీకు తెలుసా అక్కా అని అడిగింది. మాకు తెలియదు. ఆ నెల సంచిక మీ ఇంట్లో గాని, మీ ఊరిలో గాని ఉంటే దయచేసి తెచ్చి మాకు ఇవ్వండి. ఏ నెలదో హాలులో అడిగితే చెబుతాము.